నడుమెంత, ఫ్లేరెంత

టేపక్క మెడలో ఎప్పుడూ వేలాడే టేపుకి మొదటి అంగుళం లేదు. ఉందంటే ఉంది, కానీ చివర రేకు ఊడిపోయి, అంచున పీచులు లేచి, గీతలు చెరిగిపోయి, ఎక్కడ సున్నానో ఎక్కడ అరంగుళమో ఆ టేపుకే తెలియదు. అందుకని ఆ షాపులో ఎవరు ఏం కొలిచినా 'ఒకటి' దగ్గర పట్టుకుని మొదలుపెడతారు. వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తారు. భుజం పదహారని టేపు చెబితే రాసుకునేది పదిహేను. 'ఒకటి తీసెయ్' అన్న మాట ఆ గదిలో మిషను చప్పుడంత మామూలు.

కొత్త టేపు కొనలేక కాదు. వాళ్లాయన టాక్సీ డ్రైవరు, కనపడినప్పుడల్లా ఒకటి కొనుక్కొస్తాడు. అవన్నీ సొరుగులో చుట్టచుట్టుకుని పడున్నాయి. "కొత్తవి సాగుతాయండీ. సాగే టేపు పెద్దగా అబద్ధమాడుతుంది. ఇదైతే ఒక్క అంగుళమే ఆడుతుంది, అదీ నాకు చెప్పి మరీ ఆడుతుంది" అంటుంది.

ఆ టేపు ఆవిడకి పని నేర్పిన మాస్టరుది. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇంట్లో వాళ్ల దెప్పుళ్లు భరించలేక, వీధి చివర బట్టలు కుట్టే మాస్టరు దగ్గరికి వెళ్లి "గుండీలు కుడతాను" అంది అప్పట్లో. బళ్లో లెక్కల టీచరు ఎక్స్ విలువెంత అని అడిగేవారు. ఎక్స్ ఎవరో, ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో చెప్పకుండా విలువ చెప్పమంటే ఎలా అని ఈవిడ బాధ. ఆ బాధ పైకి అన్నందుకు ఓసారి బెంచీ ఎక్కి నిలబడింది కూడా.

మాస్టరు ఎక్స్ జోలికి పోలేదు. స్కర్టు కోయడం నేర్పాడు.

"నడుము ఇరవైనాలుగు. కిందికి ఒక్కో అంగుళం దిగేకొద్దీ వెడల్పు అరంగుళం విచ్చుకోవాలి. అది ఫ్లేరు. ముప్ఫై అంగుళాలు దిగాక అంచు ఎంతుంటుంది?"

"ముప్ఫైతొమ్మిది" అంది. ఎలా చెప్పిందో తనకే తెలియలేదు. గుడ్డ కళ్ల ముందు విచ్చుకున్నట్టు కనపడింది, అంతే.

"ఇంకో స్కర్టు. నడుము ముప్ఫై. ఫ్లేరు మాత్రం అంగుళానికి పావు. ఏది పెద్దది?"

"నడుము దగ్గర ఇదే పెద్దది."

"కింద?"

ఆ పిల్ల రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పరిచింది. ఇరవైనాలుగు అంగుళాలు దిగేదాకా రెండోది పెద్దది. అక్కడ రెండూ సమానం. అది దాటాక మొదటిది దాన్ని తోసుకుంటూ బయటికొచ్చేసింది. పక్కగీతలు రెండూ ఒకచోట కోసుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు.

"నడుము చూసి మోసపోకు. ఎంత దూరం దిగాలో చూసుకో" అన్నాడు మాస్టరు, సుద్దముక్క చెవిమీద పెట్టుకుంటూ. ఆయన స్కర్టు గురించే అన్నాడు. ఈవిడ మాత్రం దాన్ని పట్టుకుని బజారులో పడింది.

పెళ్లి కూడా అలాగే కుదిరిందని చెప్పాలి. కుట్టిన బట్టలు ఇళ్లకి చేర్చడానికి అప్పుడప్పుడు టాక్సీ ఎక్కాల్సి వచ్చేది. షాపు ముందు రెండు రకాలుండేవి. తెల్లవి ఎక్కగానే నలభై, తర్వాత కిలోమీటరుకి పది. నల్లవి ఎక్కగానే ఇరవై, కిలోమీటరుకి పద్నాలుగు. ఒక తెల్ల టాక్సీ కుర్రాడు ఎన్నాళ్లనుంచో గమనిస్తున్నాడు, ఈ అమ్మాయి ఒకరోజు తన బండెక్కుతుంది, ఒకరోజు తను పిలుస్తున్నా పక్కవాడి నల్లబండెక్కుతుంది. ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏవండీ, దూరానికైతే నేను, దగ్గరికైతే వాడూనా? నేనేం తక్కువ చేశానండీ మీకు?"

"మీరు తక్కువ చేయలేదు. మీ నడుమే ఎక్కువ."

అతను కంగారుగా కిందికి చూసుకున్నాడు. అప్పట్లో సన్నగానే ఉండేవాడు పాపం. ఈవిడ నవ్వాపుకుని, దుమ్ముపట్టిన బానెట్ మీద వేలితో రెండు గీతలు గీసి చూపించింది. "ఇది మీది, పైనుంచి మొదలై మెల్లగా ఎక్కుతుంది. ఇది వాళ్లది, కిందనుంచి మొదలై నిలువుగా ఎక్కుతుంది. ఐదు కిలోమీటర్ల దగ్గర రెండూ తొంభై. అక్కడిదాకా వాళ్లది చవక, అది దాటితే మీది." అతను అన్నీ విని, "అయితే మిమ్మల్ని ఇక దూరాలకే తీసుకెళ్తాను" అన్నాడు. మర్నాడు బానెట్ తుడవకుండానే బండి తెచ్చాడు. ఆ మర్నాడూ అంతే.

అప్పటినుంచి ఆవిడ ఏం కొన్నా, ఏం ఒప్పుకున్నా అదే ప్రశ్న. "నడుమెంత, ఫ్లేరెంత?" ఫోను కంపెనీ కుర్రాడు, మంచినీళ్ల డబ్బాలవాడు, చివరికి పాలాయన కూడా దాన్నుంచి తప్పించుకోలేదు. "నెలకి అరవై ఇవ్వండమ్మా, ఇంటికి తెచ్చిపెడతాను, పైగా లీటరుకి రెండు తగ్గిస్తాను" అన్నాడు పాలాయన. "ముప్ఫై లీటర్లు వాడితేగానీ ఆ అరవై తిరిగి రాదు. మా ఇంట్లో పాతిక దాటదు నాయనా" అంది ఈవిడ. "అయితే ఇంకో ఐదు లీటర్లు తాగండమ్మా, ఒంటికి మంచిది!" అన్నాడు అతను. ఆ మాటకి నవ్వి ఆవేళ ఒక లీటరు ఎక్కువ కొంది గానీ నెలకి మాత్రం కట్టలేదు.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, ఆ పాత బిల్డింగు చేతులు మారి కొత్త మేనేజరు మెట్లెక్కి వచ్చేసరికి, టేపక్క గొంతులో ఆ ప్రశ్న సిద్ధంగా ఉంది.

మొదటి అంతస్తులో పొడుగ్గా ఒక వసారా, దానికి ఒకపక్క నాలుగు షాపులు. మెట్లు ఎక్కగానే గడియారాలు బాగుచేసే ముసలాయన. కంటికి అద్దం బిగించుకుని, ఎవరొచ్చినా ముందు రెండో కంటితో చూస్తాడు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు. ఆ పక్కన సంచులకీ పెట్టెలకీ జిప్పులు మార్చే జిప్పులామె. ఆ తర్వాతది తలుపు తెరవని గోడౌను. చివర్న టేపక్క షాపు. చివర్న ఉండడమే దాని అదృష్టం. గోడకి సగందాకా పెద్ద కిటికీ, పొద్దుటినుంచీ నీడపట్టున ఒకే రకం వెలుతురు. నల్లగుడ్డ మీద నల్లదారం ఎక్కించాలంటే అలాంటి కిటికీ ఊళ్లో ఇంకెక్కడా దొరకదని ఆవిడ నమ్మకం. మూడు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఇస్త్రీకి ఒక మూల. కిటికీ పక్కన కుర్చీ ఆవిడ ఆడపడుచుది. భర్తకి అక్క, ఈవిడకి వదిన. కాజాలు చేత్తో కుడుతుంది, నోటితో అందరికీ కుడుతుంది.

మేనేజరు చూడ్డానికి మర్యాదస్తుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. నలుగురినీ వసారాలోకి పిలిచి చల్లగా చెప్పాడు.

"ఇప్పుడు మీరు నెలకి మూడువేల ఆరువందలు కడుతున్నారు. వచ్చే నెలనుంచి పన్నెండువందలే. మూడో వంతు! పని లేని నెల కూడా మొత్తం అద్దె కట్టాలన్న బెంగ ఇక ఉండదు."

జిప్పులామె నెత్తిన పాలు పోసినట్టు పొంగిపోయింది. బాబాయి కంటిఅద్దం తీసేసి రెండు కళ్లతోనూ చూశాడు.

"నడుము తగ్గించారు, సంతోషం. ఫ్లేరెంత?" అంది టేపక్క.

"అంటే మేడమ్?"

"పన్నెండువందలతో ఊరుకోరుగా. పెరిగేదేంటి?"

మేనేజరు ఫైలు సర్దుకున్నాడు. "అదీ చెప్పబోతున్నాను. షాపులోంచి బయటికెళ్లే ప్రతి వస్తువుకీ ఎనిమిది. గడియారమైనా, సంచి అయినా, చొక్కా అయినా. చిన్న స్టిక్కరు అంటిస్తాం, లెక్క మేమే చూసుకుంటాం. శనివారం సంతకాలు. ఫ్లోరంతా ఒకే పద్ధతి మేడమ్. ఇష్టంలేనివాళ్లు నెలాఖరుకి ఖాళీ చేయొచ్చు."

ఆఖరి మాట చాలా మెత్తగా అన్నాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె ఆపేశాక షాపులోనే మొదలైంది గొడవ. టాక్సీ కింద ఆపి ఆయన పైకొచ్చాడు.

"ఏమే మరదలా, సంతకానికెందుకే వెనకాడతావు?" అంది వదిన, దారం పంటితో తెంపుతూ. "మామూలు నెల్లో మనం పంపేది రెండువందల ఎనభై ముక్కలు. ఎనిమిదెనిమిదిలు వేసి చూశాను. పన్నెండువందలతో కలిపి మూడువేల నాలుగువందల నలభై. అంటే నెలకి నూటఅరవై మిగులుతుంది. మిగిలేదాన్ని తన్నేస్తావా?"

"మిగిలేది ఇప్పుడున్న పనికి వదినా. ఇప్పుడున్నచోటే ఉండిపోతానని నేనెప్పుడన్నాను?"

అసలు సంగతి అక్కడుంది. ఆసుపత్రివాళ్లు తొడుక్కునే తెల్లకోట్లు కుట్టే పని చేతికొచ్చింది. ఒప్పుకుంటే నెలకి అన్నీ కలిపి నాలుగువందల ఇరవై ముక్కలు. అందుకు ఇంకో ఇద్దరు ఆడవాళ్లని పెట్టుకోవాలి, వాళ్లతో మాట కూడా అయిపోయింది. ఖాళీగా పడున్న రెండు మిషన్లకీ నూనె వేసి తుడిచిపెట్టింది.

"ఆ నాలుగువందల ఇరవైకి కొత్త అద్దె నాలుగువేల ఐదువందల అరవై" అంది. "పాతదానికంటే తొమ్మిదివందల అరవై ఎక్కువ. అది కొత్తగా వచ్చే అమ్మాయి జీతంలో ముక్క. నేను కూర్చుని కోట్లు కుడుతుంటే, ప్రతి కాలరుకీ ఒకడు వచ్చి చెయ్యి చాస్తాడా? గదికి అద్దె కడతాను. నా సూదికి కట్టను."

"ఖాళీ చేయమంటే?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"చేయను."

"అది కాదే. నా మాట విను. కోట్ల పని ఒక ఏడాది ఉండి పోతే? టాక్సీలో నేను చూడట్లేదా, ఒకరోజు..."

"పోతే పోతుంది. పోతుందేమోనని ఎదగకుండా కూర్చోమంటారా?"

"ఎదగొద్దనలేదు తల్లీ. మెట్లమీద నుంచి దొర్లొద్దంటున్నా."

"తమ్ముడూ, నువ్వు నోరు మూసుకో. దానికి నీ బండి బానెట్ చాల్లేదు, బల్లంత కాగితం కావాలి" అంది వదిన. అంటూనే లేచి, మూలనున్న ఖాకీ కాగితం చుట్ట తీసి బల్లమీద పరిచింది. తిట్టడం ఎలాగూ తిడుతుంది, టేపు రెండో కొస పట్టుకోవడం కూడా తనే పట్టుకుంటుంది. వదిన పద్ధతి అంత.

కింద అంచు వెంట ముక్కలు, ఒక్కో అంగుళానికి పాతిక. పక్క అంచు వెంట డబ్బు, ఒక్కో అంగుళానికి రెండువందలు. మూడువేల ఆరువందలంటే పద్దెనిమిది అంగుళాలు. ఆ ఎత్తున అడ్డంగా ఒక గీత, అది పాత అద్దె. ఎన్ని కుట్టినా కదలదు. పన్నెండువందలంటే ఆరు అంగుళాలు. అక్కడ మొదలై కొత్త అద్దె ఎక్కాలి. పాతిక ముక్కలకి పాతిక ఎనిమిదిలు రెండువందలు. అంటే అంగుళం పక్కకి పోతే అంగుళం పైకి. టేపక్క నవ్వింది. అది నిఖార్సైన క్రాసు. కాలరుకి పట్టీ కోసేటప్పుడు చెయ్యి దానంతటదే పోయే వాలు. పొడుగు స్కేలు పెట్టి ఒక్క లాగు లాగింది. రెండు గీతలూ కోసుకున్నచోట నించి కిందికి దించి చూస్తే పదమూడు అంగుళాలు. మూడువందల పాతిక ముక్కలు.

"అక్కడిదాకా ఆయన మాట నిజం" అంది. "అది దాటితే మన చెవిలో పువ్వు."

శనివారం పొద్దున్నే ఆ కాగితాన్ని తన షాపు షట్టరుకి గుండుసూదులతో కాదు, అతుకు టేపుతో అంటించింది. మేనేజరు వచ్చేసరికి బాబాయీ జిప్పులామే దాని ముందే నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, నాదెక్కడుంది ఇందులో?" అన్నాడు బాబాయి.

"నెలకి ఎన్ని బాగుచేస్తారు?"

"వందుంటే గొప్ప."

ఆవిడ వంద దగ్గర వేలు పెట్టి పైకి జరిపింది. "ఇక్కడ. మీకు పద్దెనిమిదివందలే పడుతుంది బాబాయ్. ఇంకో పద్దెనిమిదివందలు మిగులు. మీరు సంతకం పెట్టేయండి."

ముసలాయన తెల్లబోయాడు. "అదేంటే, నువ్వేమో వద్దంటున్నావు, నన్ను పెట్టమంటున్నావు?"

"నాకు వద్దని మీకూ వద్దంటే అది అబద్ధం అవుతుంది. గీత అలా ఉంది, నేనేం చేయను?"

వదిన తల పట్టుకుంది. "దీన్ని తీసుకుని యుద్ధానికొచ్చాం చూడు!"

బాబాయి కాసేపు గీతనీ ఈవిడనీ మార్చిమార్చి చూసి, మొహమాటపడుతూనే సంతకం పెట్టాడు. జిప్పులామె తన లెక్క చెప్పింది, మూడువందల పది దాకా ఉంటాయట. "మూడువందల పాతిక లోపలే ఉన్నావు. కొంచెం నీకే లాభం" అంది టేపక్క. జిప్పులామె హమ్మయ్య అనుకుని పెన్ను అందుకుంది.

మేనేజరు అప్పటిదాకా చేతులు కట్టుకుని కాగితాన్నే చూస్తున్నాడు. ఇప్పుడు జేబులోంచి ఫోను తీసి ఏవో నొక్కి, పెదవి విరిచాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మీ గీత తప్పు."

ఫోను అందరికీ కనపడేలా తిప్పి పట్టుకున్నాడు.

"మూడువందల పాతిక ఎనిమిదిలు రెండువేల ఆరువందలు. పన్నెండువందలు కలిపితే మూడువేల ఎనిమిదివందలు. మూడువేల ఆరువందలు కాదు. మీరు కలిపినచోట ఈ గీతలు కలవవు." అతను నవ్వాడు, మరీ వెటకారంగా కాదు గానీ, నవ్వాడు. "ఇలాంటి లెక్క చూపించి అందర్నీ భయపెడితే ఎలా మేడమ్? బట్టలైతే కొలతలు తీసుకోండి, అద్దెల సంగతి మాకు వదిలేయండి."

టేపక్కకి చాలా ఏళ్ల కిందటి బెంచీ కాళ్ల కిందికి వచ్చినట్టనిపించింది. వదిన మొహం మాడిపోయింది. వెళ్లి తలుపేసుకోవచ్చు. ఆవిడ వెళ్లలేదు. మెడలోంచి టేపు తీసి, కాగితం పక్క అంచుకి పెట్టి, కొత్త గీత మొదలైన చుక్కదాకా కొలిచింది. ఒకటి దగ్గర పట్టుకుంటే ఆరు చూపించింది.

ఆరు. అంటే ఐదు.

"వదినా, ఒకటి తీయలేదు" అంది.

"పద్దెనిమిదికి తీశాంగా? పంతొమ్మిది మీద గుర్తు పెట్టావు, నేనే చూశా!"

"దానికి తీశాం. దీనికి మర్చిపోయాం. మాట్లాడుకుంటూ ఆరు ఆరు అనుకుంటూ ఆరు మీదే పెట్టేశాను." మేనేజరు వైపు తిరిగింది. "తప్పే బాబూ. నాదే. మీ మూడో వంతు అద్దెని ఇంకో రెండువందలు తక్కువ చేసి గీశాను. ఉండండి, దిద్దుతాను."

ఎర్ర సుద్దముక్క తీసింది. ఈసారి ఏడు మీద గుర్తు పెట్టింది. అదే వాలులో, ఒక అంగుళం పైనుంచి, ఎర్రగీత లాగింది. అది వెళ్లి అడ్డగీతని ఇంకా ముందే కోసింది. పన్నెండు అంగుళాల దగ్గర.

"మూడువందలు" అంది. "బాబాయ్, మీకు రెండువేలు పడుతుంది, అయినా పదహారువందలు మిగులే."

మేనేజరు సాయం చేస్తున్నట్టుగా కాగితం మూల మీద పెన్నుతో రాశాడు కూడా. పన్నెండువందలు, దానికి ఎనిమిది ఎక్స్‌లు కలిపి, మూడువేల ఆరువందలకి సమానం. "ఇది పద్ధతి. ఎక్స్ అంటే మూడువందలు. ఇప్పుడు కరెక్టు."

టేపక్క ఆ ఎక్స్‌ని తేరిపార చూసింది. "ఎక్స్ అంటే, ఎన్ని ముక్కలో అదా?"

"అదే మేడమ్."

"ఇంతేనా! దీనికా నన్ను బెంచీ ఎక్కించింది! ఎన్ని ముక్కలమ్మా అని అడిగుంటే చెప్పేదాన్నిగా." ఆవిడకి నవ్వూ కోపం ఒకేసారి వచ్చాయి. "ఔను గానీ బాబూ, ఇంత బాగా వచ్చిన ఎక్స్ మొన్న మూడో వంతు అన్నప్పుడు మీ నోట ఒక్కసారీ రాలేదే?"

అతను బదులు చెప్పేలోపు, పక్కనించి జిప్పులామె సన్నగా అంది. "అక్కా, నాది మూడువందల పది."

అందరూ కాగితం వైపు చూశారు. పాతగీత ప్రకారం ఆవిడ ఇవతల ఉంది. ఎర్రగీత ప్రకారం అవతలికి పోయింది.

"ఎనభై ఎక్కువ కట్టాలి" అంది టేపక్క. "ఇప్పుడు ఎనభై. నీ పని పెరిగేకొద్దీ పెరుగుతుంది."

జిప్పులామె పెన్ను మూత పెట్టి, మేనేజరు ఫైలు మీద మెల్లగా పెట్టేసింది. "తప్పు పట్టుకుని మంచిపని చేశారు సార్. లేకపోతే సంతకం పెట్టేసేదాన్ని."

బాబాయి దగ్గు వచ్చినట్టు నటిస్తూ అటు తిరిగి నవ్వుకున్నాడు.

"చూడండక్కా" అన్నాడు మేనేజరు. మేడమ్ పోయి అక్క వచ్చింది. "నాకు చెప్పమన్నంతే చెప్పాను. ఫ్లోరంతా ఒకే పద్ధతి అన్నది ఆఫీసు మాట. నేను మార్చలేను."

"ఒకే పద్ధతి అంటే అందరూ పెట్టాలి, లేదా ఎవరూ పెట్టకూడదు" అంది వదిన, కాజా సూది జాకెట్టుకి గుచ్చుకుంటూ. "మరి మా బాబాయి గారి సంతకం ఒక్కటీ ఫైల్లో ఎందుకు దాచుకున్నావు నాయనా? ఇచ్చేయ్ మరి."

"ఇవ్వకు బాబూ!" అన్నాడు బాబాయి గాభరాగా.

మేనేజరు ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. అయితే గెలిచినట్టు కాదు. నెలాఖరు మాట అలాగే ఉంది. ఆ వారమంతా భర్త పొద్దున్నే బండి తీసేముందు కిందనించి కిటికీ వైపు ఒకసారి చూసి వెళ్లేవాడు. కోట్ల గుడ్డ తానులు వచ్చి గోడకి ఆనించి ఉన్నాయి. ఆవిడ వాటిని విప్పి కోయడం మొదలుపెట్టింది. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోరు. ఇక కుట్టి తీరాలి, ఆ కిటికీ దగ్గరే కుట్టాలి.

ఒకటో తారీఖున ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళ్లి మూడువేల ఆరువందలూ అద్దం కింద తోసింది.

"పాత అద్దె ఇక లేదమ్మా. కంప్యూటర్లో ఆ వరుసే తీసేశారు" అన్నాడు లోపలాయన.

"మీ కంప్యూటర్లో లేకపోతే నా చేతిలో ఉంది. తీసుకునేదాకా కూర్చుంటాను."

కూర్చుంది. ఒట్టి చేతులతో కాదు. కోట్ల మూట వెంట తెచ్చుకుంది, అంచులు మడిచి కుట్టే పని ఎక్కడైనా చేసుకోవచ్చు. పక్కన జిప్పులామె. మరో పక్కన వదిన, గుండీల డబ్బాతో. గోడకానించి ఖాకీ కాగితం.

అక్కడికి పై అంతస్తులవాళ్లు వస్తారని ఎవరూ అనుకోలేదు. కానీ ఒకటో తారీఖు కదా, అందరూ వచ్చే రోజే. వచ్చినవాళ్లు ఆ కాగితాన్ని చూసి ఆగారు. రెండో అంతస్తులో చెప్పులు బాగుచేసేవాడు "ఈ గీతలేంటక్కా?" అన్నాడు. ఈవిడ కుట్టు ఆపకుండానే చెప్పింది. "మాకూ వచ్చే నెల్లో ఇదే అంటున్నారుగా! నాది నెలకి ఆరువందల జతలు. నేనెక్కడున్నాను?" అతని వేలు కాగితం దాటి గోడమీదికి పోయింది. గుమిగూడినవాళ్లంతా గొల్లుమన్నారు. "పైకి పోయావురా!" అని ఒకరు, "నన్ను చూడమ్మా, నావి ఎనభై" అని ఒకరు. ఎనభైవాళ్లకి ఆవిడ సంతకం పెట్టుకోమనే చెప్పింది. కుర్చీలు చాల్లేదు. కౌంటరు లోపలాయన అద్దానికి ముక్కు ఆనించి తనూ చూస్తున్నాడు.

గలాటాకి మేనేజరు బయటికొచ్చాడు. గుంపునీ, గోడనీ, మధ్యలో తల వంచుకుని అంచు కుట్టుకుంటున్న ఆవిడనీ చూశాడు. లోపలికెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి ఆవిడ పక్కన వంగి, మెల్లగా అన్నాడు.

"అక్కా, ముందు ఆ కాగితం చుట్టేయండి. పాతది కావాలన్నవాళ్లకి పాతదే. కొత్తది కావాలన్నవాళ్లకి కొత్తది. సరేనా?"

"ఎన్నాళ్లకి?"

"ఈ ఏడాదికి."

"ఏడాది తర్వాత?"

"తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం. కాగితం నా దగ్గర చాలా ఉంది" అంది టేపక్క. దారం ముడేసి తెంపి, లేచి, డబ్బు మళ్లీ అద్దం కింద తోసింది. రసీదు చేతికొచ్చాకే కాగితం చుట్టింది.

ఆ కాగితాన్ని దాచుకుంటుందనుకుంటే పొరపాటు. ఆవిడ దగ్గర కాగితం వృథా కాదు. కోట్ల చేతులకి నమూనా దాంట్లోనే కోసింది. అందుకే ఇప్పటికీ ఆ షాపులో గోడకి వేలాడే చేతి నమూనాకి మోచెయ్యి దగ్గర ఒక అడ్డగీత, దాన్ని కోస్తూ ఒక ఎర్రగీత ఉంటాయి. కొత్తగా చేరిన ఇద్దరిలో చిన్నామె మొదటిరోజే అడిగింది, అక్కడ కుచ్చు పెట్టాలా అని.

"కుచ్చు కాదే, అది మన అద్దె" అంది వదిన. "దాని జోలికి పోకు. ముందు టేపు పట్టుకోవడం నేర్చుకో."

ఆ సాయంత్రమే ఆయన ఇంకో కొత్త టేపు తెచ్చాడు. "ఇంత జరిగాక కూడా అదేనా? ఆ ఒక్క అంగుళం వల్లేగా అందరిముందూ తల తీసేసినంత పనైంది!"

"తల నా భుజాల మీదే ఉందిగా?" అంది టేపక్క. కొత్తది తీసుకుని సొరుగులో మిగతావాటి పక్కన పడేసింది. పాతది మెడలోంచి తీసి చిన్నామెకి అందించింది.

"ఒకటి దగ్గర పట్టుకో. వచ్చిందాంట్లో ఒకటి తీసెయ్. నేను మర్చిపోతే గట్టిగా అరిచి చెప్పు. ఎవరున్నా సరే, నేనేమీ అనుకోను."